సొన వేళ్ళకు గ్యారంటీ లేదు

మే నెల మొదటి వారంలో నా షాపు గోడకు ఒక కాగితం అంటించాను. "మామిడి సొన వేళ్ళకు ఫింగర్‌ప్రింట్ గ్యారంటీ లేదు" అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. అంత తెలివైన పని చేసినందుకు నన్ను నేనే మెచ్చుకుని, ఎదురుగా ఉన్న నరసింహులు బండి దగ్గర అల్లం టీ తాగాను.

మా నూజివీడు సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. మామిడికాయ తొడిమ విరవగానే చిమ్మే పాలను సొన అంటాం. ఒంటికి తగిలితే చర్మం కాలి, నల్లగా మచ్చకట్టి, నాలుగు రోజులకు పొరలుగా ఊడుతుంది. సీజన్లో సగం ఊరి వేళ్ళు ఇలాగే ఉంటాయి. రేషన్ దగ్గర వేలిముద్ర పడదు, బ్యాంకులో పడదు. "సొన వేళ్ళు, ఏం చేస్తాం" అనుకుంటూ కొంగుకో లుంగీకో తుడుచుకుని మళ్ళీ వేస్తారు. ఫోను తెరుచుకోకపోయినా అదే మాట. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట కాబట్టి నాకూ అనుమానం రాలేదు.

నా పేరు వినీల. విస్సన్నపేట రోడ్డులో ఒక్క షట్టరు షాపు, అందులో ఒక బల్ల, ఒక హీట్ గన్, నేను. నా గొప్ప నేనే చెప్పుకోవాలి, వేరేవాళ్ళు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఫోను పార్టు చేతిలో పెడితే కంపెనీదో కాపీదో చెప్పేస్తాను. బ్యాటరీ అయితే బరువు చూస్తాను. డిస్‌ప్లే అయితే బల్ల కిందికి దూరి, చీకట్లో నల్లటి బొమ్మ పెట్టి చూస్తాను. నలుపు నలుపులాగే ఉంటే మంచి సరుకు, బూడిదరంగులో వెలిగితే కాపీ. కాపీ వేస్తే కాపీ అని చెప్పే వేస్తాను. ఆ ఒక్క మాట మీదే మూడేళ్ళుగా నా షాపు నడుస్తోంది.

పార్టులు తెచ్చేది జయకర్ గారు. నెలకు రెండుసార్లు విజయవాడ నుంచి మోటారు సైకిల్ మీద నల్ల బ్యాగుతో వస్తాడు. ఎంత ఎండలో వచ్చినా చొక్కా మడత నలగదు, వేలికి పచ్చరాయి ఉంగరం. ఏప్రిల్ నుంచి, ఊళ్ళో సగం మంది వాడే మోడలుకు కొత్త లాటు డిస్‌ప్లేలు ఇస్తున్నాడు. డబ్బాకు మెరిసే స్టిక్కరు, కంపెనీ సీలు అన్నీ ఉన్నాయి. నల్లబొమ్మ పరీక్షలో కూడా నెగ్గాయి. కానీ వేసిన ప్రతి ఫోనులోనూ తెర మీద వేలు పెడితే తెరుచుకోవడం మానేసింది. అడిగితే ఆయన నా చేతుల వంక చూసి నవ్వాడు.

"మీ ఊరి వేళ్ళ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు కదండీ" అన్నాడు.

నిజమే అనుకున్నాను. నా వేలు పెట్టి చూశాను, పడలేదు. మరి నా వేలు మాత్రం ఏం బాగుంది కనుక. ముసునూరులో నాన్న కౌలుకు చేసే తోటలో ఆవకాయకని రెండు బస్తాలు నేనే కోశాను. పది వేళ్ళూ మచ్చలే. అందుకే గోడ మీదికి ఆ కాగితం ఎక్కింది.

సీతమ్మ పిన్ని ఫోను తెచ్చింది ఆ కాగితం అంటించిన వారానికి. ఆమె మా అమ్మతో కలిసి కాయలు కోసిన మనిషి. ఇప్పుడు పదకొండు మంది ముఠాకు మేస్త్రి. వెంకటకృష్ణారావు గారి తోటల్లో కోత, ఆయన షెడ్డులో గ్రేడింగు, అన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. ఫోను నిచ్చెన మీద నుంచి జారి పగిలింది. జయకర్ ఇచ్చిన డిస్‌ప్లే వేసి ఇచ్చాను. ఆమె వేలు పెట్టింది, తెరుచుకోలేదు. ఇంకోసారి పెట్టింది, తెరుచుకోలేదు. నేను గోడ మీది కాగితం చూపించాను.

ఆమె అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. చదివాక నా మొహం వంక చూసి, "నా వేళ్ళకు సొనా" అని మాత్రం అని, ఫోను తీసుకుని వెళ్ళిపోయింది. ఆ గొంతులో ఉన్నది నాకు అప్పుడు వినపడలేదు. వినపడేంత తీరిక లేదని ఇప్పుడు సమర్థించుకోను. పొగరు, అంతే.

నాలుగో రోజు పొద్దున పదింటికి నేను షట్టరు ఎత్తేసరికి ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది. వెనకాల ముఠాలోని ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఇటు రా అమ్మాయ్" అంది. రెండు చేతులూ నా బల్ల మీద బోర్లా పెట్టి, మళ్ళీ వెల్లకిలా తిప్పింది. "చూడు. బాగా చూసి చెప్పు. సొన మచ్చ ఎక్కడుంది?"

చూశాను. గరుకు చేతులు, కొడవలి గీసిన గాట్లు, గోళ్ళ సందుల్లో మట్టి. సొన మచ్చ మాత్రం ఒక్కటీ లేదు.

"ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి కాయ కోస్తున్నాను. తొడిమ విరిచేటప్పుడు కాయను అవతలికి తిప్పి పట్టుకోవాలి. చిమ్మిన సొన నేల మీద పడాలి గానీ, మన మీద పడకూడదు, కాయ మీద పడకూడదు. కాయ మీద పడితే నల్లచార పడి రెండో రకం అయిపోతుంది. సొన అంటించుకునేది పని రానివాళ్ళు." నా వేళ్ళ వంక చూసి ఆగింది. "నీలాంటోళ్ళు."

వెనకాల ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. నేను చేతులు బల్ల కిందికి లాక్కున్నాను.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. షెడ్డులో కొత్తగా హాజరు యాప్ పెట్టారు. ప్రతి మేస్త్రీ తన ఫోనులో తన వేలు వేస్తేనే ముఠా హాజరు పడుతుంది. ఒకరి బదులు ఒకరు వేయకుండా, యాప్‌ను నంబరుతో తెరిచే వీలు తీసేశారు. ఆ రోజు సాయంత్రం నాలుగింటిలోగా మేస్త్రులందరూ వేలు వేసి పేరు ఎక్కించుకోవాలి. సీతమ్మ వేలు పడట్లేదని షెడ్డు గుమస్తా బసవపున్నారావుకు తెలిసింది. నా షాపు గోడ మీది కాగితం సంగతి కూడా తెలిసింది.

"షాపు పిల్లే రాసి పెట్టిందంట కదా, సొన వేళ్ళని. ఆ వేళ్ళతో కాయ ముట్టుకుంటే మచ్చపడదా, సొన వేళ్ళ మనిషికి మేస్త్రిపని ఏంటి అంటున్నాడు. తన బావమరిదిని పెడతానని అందరి ముందే చెప్పాడు" అంది సీతమ్మ. "ఫోను తెరుచుకోకపోతే పోనీలే వినీలా. నాకు పని రాదని నువ్వు గోడ మీద రాశావు."

నాకు సిగ్గేసింది. ఏదో గొణిగే ముందే ఆమె ఇంకో మాట చెప్పింది. ఆ పొద్దున రేషన్ మిషన్ మీద ఆమె వేలిముద్ర ఒక్కసారికే పడిందట. అక్కడ పడే వేలు ఇక్కడెందుకు పడదని అడిగింది. మూడేళ్ళలో మొదటిసారి, నేను వేసిన పార్టు మీద నాకే అనుమానం వచ్చింది.

ఆమె ఫోనులోంచి తీసిన పాత డిస్‌ప్లే రేకు డబ్బాలో పడేసి ఉంచాను. అది పైన పగిలినా కంపెనీ నుంచి వచ్చినదే. దాన్నీ, జయకర్ ఇచ్చిన కొత్త డబ్బాలోని మరొకదాన్నీ పక్కపక్కన అంచు మీద నిలబెట్టాను. కొత్తది గోరంత మందం ఎక్కువ. వెనకాల పట్టీ మీది అక్షరాలు కూడా చూశాను. పాతదాని మీద సన్నగా, తేటగా ఉన్నాయి. కొత్తదాని మీద సిరా కాస్త అలికినట్టుంది. వేలిముద్ర చదివే కన్ను డిస్‌ప్లే అడుగున ఉంటుంది. అది డిస్‌ప్లే గుండా పైకి చూసి వేలి గీతలు పట్టుకోవాలి. పైనున్నది మందమైతే దానికి ఏ వేలూ కనపడదు. ఈ కాపీ చేసినవాడు నాలాంటివాళ్ళ నల్లబొమ్మ పరీక్ష నెగ్గేలా చేసి, ఇక్కడ దొరికిపోయాడు. పదకొండు ఫోన్లకు నా చేత్తో ఇదే వేశాను.

"పిన్నీ, తప్పు నాది" అన్నాను. "నీ వేలు బంగారం. డిస్‌ప్లేనే దొంగది."

"నాకు తెలిస్తే సరిపోదు. నాలుగింటికి వాడికి తెలియాలి" అంది.

అక్కడే వచ్చింది చిక్కు. మంచి డిస్‌ప్లే నా దగ్గర లేదు. విజయవాడ వెళ్ళి వెతికి వచ్చే టైము లేదు. జయకర్ ఆ రోజు రావలసి ఉంది కానీ, మందం చూపిస్తే కొత్త మోడలు అలాగే వస్తుందండీ అంటాడు. నల్లబొమ్మ చూపించి నా పరీక్షే నాకు అప్పజెబుతాడు. వేలు పడట్లేదంటే ఊరి వేళ్ళన్నిటినీ కలిపి తోసిపుచ్చుతాడు. సొన అంటని వేలు ఒకటి కావాలి. మే నెలలో నూజివీడులో అది దొరకడం ఎంత కష్టమో ఆ గంటలో తెలిసింది. నరసింహులును పిలిస్తే టీ గ్లాసులు కడిగిన చెయ్యి చాపాడు, మూడు మచ్చలు. తెల్లవారుజామున కోతకు వెళ్ళొచ్చి, ఆ తర్వాత టీ అమ్ముతాడట. పక్కన టైలరు వేళ్ళు చూశాను. ముందు రోజే వాళ్ళింట్లో మాగాయ పెట్టారట.

పన్నెండు దాటాక మోటారు సైకిల్ వచ్చి ఆగింది. నేను వెతుకుతున్న వేలు పచ్చరాయి ఉంగరంతో సహా దిగింది.

"నమస్కారం వినీల గారూ. సరుకంతా అయిపోయిందా?" అంటూ బ్యాగు బల్ల మీద పెట్టాడు జయకర్.

"ఒక్కటే మిగిలిందండీ. మీ డిస్‌ప్లేల గురించి వీళ్ళకు నమ్మకం కలగట్లేదు. ఒకసారి మీరే వేలు పెట్టి చూపించండి" అన్నాను. సీతమ్మ తన నంబరు కొట్టి ఫోను తెరిచి, కొత్త వేలు ఎక్కించే చోట పెట్టి అతని ముందుకు జరిపింది.

ఆయన నవ్వు కొంచెం సన్నబడింది. "నా వేలెందుకండీ? ఇది ఆవిడ ఫోను కదా."

సీతమ్మ అతని చెయ్యి పట్టుకుని ఎండలోకి తిప్పి చూసింది. "ఎంత బాగుంది బాబూ వేలు. కాయ ముట్టుకున్న చెయ్యి కాదు. నా ఫోనులో ఒక్కసారి పెట్టు, నాకూ ధైర్యంగా ఉంటుంది."

అప్పటికే నరసింహులు బండి దగ్గర టీ తాగేవాళ్ళు గ్లాసులతో సహా మెట్ల దాకా వచ్చారు. ఇక తప్పలేదు. జయకర్ జేబురుమాలుతో వేలు తుడుచుకుని పెట్టాడు. మళ్ళీ ప్రయత్నించండి అంది ఫోను. మళ్ళీ తుడుచుకుని పెట్టాడు. మళ్ళీ ప్రయత్నించండి. ఎడమచెయ్యి బొటనవేలు పెట్టాడు, ఉంగరం తీసి ఉంగరం వేలు పెట్టాడు. తొమ్మిదోసారి కూడా ఫోను అదే మాట చెప్పింది.

నరసింహులు గ్లాసు కింద పెట్టి ఎంతో మర్యాదగా అడిగాడు. "ఏ తోటండీ మీది?"

మెట్ల మీద నవ్వు పుట్టి రోడ్డు అవతలి దాకా పోయింది. నా జన్మలో ఒక టీ బండి ఆయన మీద నాకు అంత ప్రేమ కలగలేదు.

"ఇప్పుడు మీ సొంత ఫోను ఇవ్వండి" అన్నాను. ఇవ్వక చేసేదేముంది, ఇచ్చాడు. సీతమ్మ వేలు అందులో ఎక్కించాను. లాక్ చేసి ఆమె ముందు పెట్టాను. ఆమె చూపుడు వేలు అలా తాకిందో లేదో తెరుచుకుంది. జయకర్ ఫోను, సీతమ్మ వేలు. ఆమె ఫోనును ఎత్తి మెట్ల మీది వాళ్ళందరికీ చూపించింది.

"లాటులో ఏదో తేడా వచ్చినట్టుందండీ. నేను విజయవాడలో కనుక్కుని చెబుతాను" అన్నాడు జయకర్ బ్యాగు జిప్పు మీద చెయ్యి వేస్తూ.

సీతమ్మ ఆ చెయ్యి పక్కన తన చెయ్యి వేసింది. ఆమె చూపు నా బల్ల మీది ఖాళీ డబ్బాల మీద ఉంది. ప్రతి డబ్బా మూల పెన్సిలుతో చిన్నగా "మా" అని రాసి ఉంది. నేను ఏప్రిల్ నుంచి చూస్తున్న అక్షరమే. ఏ స్టాకు గుర్తో అనుకుని వదిలేశాను.

"మేమూ షెడ్డులో ట్రేల మీద సుద్దముక్కతో ఇలాగే రాస్తాం" అంది ఆమె. "గుర్తు పెట్టారంటే సరుకు రెండు రకాలున్నట్టే. ఒకటే రకమైతే గుర్తుతో పనేముంది? మా అంటే ఏంటి బాబూ, మామిడా?"

నేను బ్యాగు జిప్పు లాగాను. పైన వరసంతా "మా" డబ్బాలు. అడుగున రబ్బరు బ్యాండు వేసిన పన్నెండింటి కట్ట ఒకటి ఉంది. అవే డబ్బాలు, అదే స్టిక్కరు, పెన్సిలు గుర్తు మాత్రం లేదు.

"అవి వేరే వాళ్ళవండీ. గుడివాడ ఆర్డరు" అన్నాడు.

"గుడివాడలో అంతా వరి కదా" అంది సీతమ్మ తాపీగా. "అక్కడ సొన వంక చెప్పడానికి లేదు మరి."

ఇంత సేపూ నాకు ఆయన మీద కోపం ఉంది. ఆ మాటతో ఒళ్ళు మండింది. నాసి సరుకుకు మా ఊరు చూసి పెట్టాడు. సీజను చూసి పెట్టాడు. మా వాళ్ళు తప్పంతా తమ వేళ్ళ మీదే వేసుకుంటారని తెలిసి పెట్టాడు. నేను ఆయనకు సాయంగా గోడ మీద కాగితం కూడా అంటించాను.

"జయకర్ గారూ, గుర్తు లేనివి పన్నెండూ ఇక్కడ దింపండి. గుర్తున్నవన్నీ తీసుకెళ్ళండి. గుడివాడకు ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం. లేదంటే ఈ డబ్బాలన్నీ మెట్ల మీద పరిచి, మీ వేలితో ఇంకోసారి మొదలుపెడదాం" అన్నాను.

ఆయన మెట్ల వంక చూశాడు. అక్కడ జనం ఇంకా పెరిగారు. పన్నెండూ దింపాడు. మోటారు సైకిల్ మలుపు తిరిగేదాకా నరసింహులు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

నేను తొందరపడలేదు. ఒకసారి నమ్మి పడ్డాను చాలు. గుర్తు లేని డబ్బాలోంచి డిస్‌ప్లే తీసి, సీతమ్మ పాతదాని పక్కన అంచు మీద నిలబెట్టాను. రెండూ ఒకే మందం. పట్టీ మీది అక్షరాలు చూశాను, బల్ల కిందికి దూరి నలుపు చూశాను. అప్పుడు హీట్ గన్ అందుకున్నాను. ఊడదీయడానికి అరగంట, అతికించి జిగురు ఆరేదాకా క్లిప్పులు పెట్టడానికి ఇంకో గంట. ఆఖరున అడుగున ఉన్న కంటికి కొత్త డిస్‌ప్లేను అలవాటు చేసే పని కూడా పూర్తి చేశాను. సీతమ్మ వేలు పెట్టింది. నేను ఊపిరి వదిలేలోపే తెరుచుకుంది. ఆమె నా నెత్తి మీద చెయ్యి వేసి ఒకసారి గట్టిగా నిమిరింది. నాకు కళ్ళు చెమర్చాయి.

మూడున్నరకు షట్టరు దించి నేనూ వెంట వెళ్ళాను. వెళ్ళేముందు గోడ మీది కాగితం పీకి మడిచి జేబులో పెట్టుకున్నాను.

షెడ్డులో బంగినపల్లి కాయలు రాసులు పోసి ఉన్నాయి. బసవపున్నారావు గడప పక్కన కుర్చీ వేసుకుని, ముందు రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన బావమరిది కొత్త ఫోను పట్టుకుని తయారుగా ఉన్నాడు. సీతమ్మ ముఠా పదకొండు మందీ పని ఆపి లేచి నిలబడ్డారు.

"వచ్చావా సీతమ్మా" అన్నాడు బసవపున్నారావు. "ఎందుకు శ్రమ. సొన వేళ్ళకు పడదని షాపులోనే రాసి పెట్టారంట కదా."

నేను కాగితం తీసి ఆయన రిజిస్టరు మీద పరిచాను. "రాసింది నేనేనండీ. తప్పు రాశాను. ఆ ఫోనులో దొంగ డిస్‌ప్లే వేసింది నేను, అది తెలియక పిన్ని వేలిని అన్నాను. ఆవిడ చేతులకు సొన లేదు. కావాలంటే నావి చూడండి, సొన చేతులంటే ఇలా ఉంటాయి."

పది వేళ్ళూ చాపాను. నా జీవితంలో అంత గర్వంగా తప్పు ఒప్పుకోవడం అదే మొదలు.

సీతమ్మ యాప్ తెరిచింది. కొంగుకు తుడుచుకోలేదు. మామూలుగా, కాయ పండిందో లేదో చూసినంత మెల్లగా, తెర మీద వేలు ఆనించింది.

ఫోనులోంచి ఆడగొంతు ఒకటి షెడ్డు అంతా వినపడేలా పలికింది. "సీతమ్మ గారికి స్వాగతం."

యాప్ తయారుచేసిన వాళ్ళెవరో అందరి పేర్లకూ గారు తగిలించినట్టున్నారు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ షెడ్డులో ఆమెను గారు అన్నవాళ్ళు లేరు. ముఠాలో ఎవరో ముందు నవ్వారు, ఆ వెంటనే పదకొండు మందీ అందుకున్నారు. బావమరిది కొత్త ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"సరే, పడిందిలే" అన్నాడు బసవపున్నారావు రిజిస్టరులోకి తల దించుకుంటూ.

"పడింది. మీకు సరిగ్గా వినపడిందో లేదో" అంది సీతమ్మ. ఫోను ఆయన చెవి దగ్గరికి తెచ్చి, మళ్ళీ వేలు పెట్టింది.

"సీతమ్మ గారికి స్వాగతం."